తెరుచుకున్న ఫైలునే ముందు అనుమానించండి

(హనుమకొండలో శీతల గిడ్డంగులు, ప్రయోగశాలల్లో పనిచేసే సాంకేతిక సిబ్బంది కోసం చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసినది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవారికి వినిపిస్తోందా? ముందు వరుసల్లో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, రండి, వచ్చి కూర్చోండి. తెర మీద అక్షరాలు చిన్నవి, దూరం నుంచి కనిపించవు.

మీలో ఏనుమాముల మార్కెట్ చూడనివారు ఉన్నారా? ఎవరూ లేరు. ఉండరని నాకు తెలుసు. మిర్చి రోజుల్లో అక్కడికి వెళ్తే కళ్లు మండుతాయి, గొంతు గరగరలాడుతుంది. అయినా రైతు చూపు ఎక్కడ ఉంటుంది? కాంటా మీద ఉంటుంది. మొదటి బస్తా పెట్టకముందే, ఖాళీ కాంటా సున్నా చూపిస్తోందా లేదా అని చూసుకుంటాడు. ఆయనకు చదువు వచ్చినా రాకపోయినా ఆ ఒక్క చూపు మాత్రం తప్పదు. ఎందుకంటే, కాంటా అసలు పనిచేయకపోతే గొడవ లేదు, ఇంకో కాంటా తెస్తారు. పనిచేస్తూ తప్పు చూపిస్తేనే ఆయన ఇల్లు గుల్ల. సున్నా దగ్గర తప్పు ఉంటే అది ప్రతి బస్తాకూ పాకుతుంది, చివరికి తక్‌పట్టీలో, అంటే రైతుకు ఇచ్చే అమ్మకం చీటీలో కూర్చుంటుంది. కాగితం మీదికి ఎక్కిన తర్వాత దాన్ని ఎవరు అడుగుతారు?

ఈ రోజు నేను చెప్పబోయేది ఆ సున్నా గురించే. సెన్సర్లు చెప్పే ఉష్ణోగ్రతలను ఎప్పటికప్పుడు రాసిపెట్టే మన డేటా లాగర్ సాఫ్ట్‌వేర్‌లో ఆ సున్నా ఎక్కడ ఉంటుంది? కాన్ఫిగరేషన్ ఫైలులో ఉంటుంది. సెట్టింగుల ఫైలు అనండి, ఏమన్నా అనండి. చిన్న ఫైలు, కొన్ని కిలోబైట్లు కూడా ఉండకపోవచ్చు. కానీ ఏ సెన్సర్ ఏ గదిది, ఎన్ని నిమిషాలకు ఒకసారి రాయాలి, సెన్సర్ చెప్పిన అంకెకు ఎంత కలపాలి, ఎక్కడ దాటితే అలారం మోగాలి, అన్నీ అందులోనే ఉంటాయి. ఏళ్ల తరబడి పోగైన కొలతల ఫైళ్లు గిగాబైట్లు ఉంటాయి. ఆ గిగాబైట్లన్నింటికీ అర్థం ఇచ్చేది ఈ చిన్న ఫైలు. ఈ ఫైలు తప్పితే ఆ అంకెలు ఉత్త అంకెలే.

ఒక సంఘటన చెబుతాను. పేర్లు చెప్పను, అడగవద్దు. మన చుట్టుపక్కలే ఒక శీతల గిడ్డంగి. మే నెల సాయంత్రం. మన దగ్గర మే నెల సాయంత్రాలు ఎలా ఉంటాయో మీకు తెలుసు. పగలంతా నిప్పులు, చీకటి పడేసరికి గాలిదుమారం, కరెంటు పోవడం. జనరేటర్ అందుకుంది, యంత్రాలు తిరిగాయి. కానీ కంప్యూటర్ కింద ఉన్న యూపీఎస్‌లో బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది. కంప్యూటర్ ఆగి మళ్లీ లేచింది. లాగర్ ప్రోగ్రాం తెరిచారు. తెరుచుకుంది. ఎర్ర అక్షరాలు లేవు, హెచ్చరిక లేదు, ఏమీ లేదు. ఒక్కటే తేడా, గదుల పేర్లు పోయి ఛానల్ 1, ఛానల్ 2 అని వచ్చాయి. రాత్రి డ్యూటీలో ఉన్న అబ్బాయి బాధ్యత తెలిసినవాడు. గుర్తున్నంతలో పేర్లు మళ్లీ టైపు చేశాడు. మూడో గది, నాలుగో గది తారుమారయ్యాయి.

తొమ్మిది రోజుల తర్వాత నాలుగో గదిలో ఫ్యాను ఆగింది. తెర మీద మాత్రం మూడో గది వేడెక్కుతోందని వచ్చింది. వెళ్లి మూడో గది చూశారు. చల్లగా ఉంది. గోడకు ఉన్న థర్మామీటరు సరిగ్గానే ఉంది. ఇంకేమనుకుంటారు? సెన్సర్ పాడైందనుకున్నారు. సెన్సర్ కొత్తది తెప్పించేదాకా రెండు రోజులు గడిచాయి. నన్ను పిలిచినప్పుడు నేను నాలుగో గది తలుపు తీశాను. పై వరుస బస్తాలు చెమ్మగిల్లి ఉన్నాయి. వాటి మీద రైతుల పేర్లు రాసి ఉన్నాయి. ధర కోసం ఆగి, నమ్మి మన దగ్గర పెట్టుకున్న పంట అది. ఆ తలుపు దగ్గర నిలబడ్డ నిమిషాలు నేను మరచిపోలేదు. అందుకే ఇవాళ ఇక్కడికి వచ్చాను.

ఇప్పుడు చెప్పండి, ఆ రోజు ఆ ప్రోగ్రాం తెరుచుకోకుండా మొండికేసి ఉంటే ఏమయ్యేది? ఎవరినో పిలిచేవారు. ఎవరో వచ్చి సరిగ్గా అమర్చేవారు. తెరుచుకోని ఫైలు మనకు కీడు చేయదు, మనల్ని ఆపుతుంది. తెరుచుకున్న ఫైలునే ముందు అనుమానించాలి. మళ్లీ అంటున్నాను, తెరుచుకున్న ఫైలునే.

సరే, అసలు ఫైలు ఎందుకు పాడవుతుంది? చాలామంది వైరస్ అంటారు. నా అనుభవంలో వైరస్ తక్కువ. కరెంటు, డిస్కు నిండిపోవడం, మన చేతులు, ఈ మూడే ఎక్కువ.

కరెంటు సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ప్రోగ్రాం సెట్టింగులు భద్రపరిచేటప్పుడు ఏం చేస్తుంది? అజాగ్రత్తగా రాసిన ప్రోగ్రాం అయితే, పాత ఫైలును తెరిచి ముందు దాన్ని ఖాళీ చేస్తుంది, తర్వాత కొత్త సంగతులు రాస్తుంది. ఖాళీ చేయడానికీ రాయడానికీ మధ్య కరెంటు పోతే? పాతదీ లేదు, కొత్తదీ లేదు. సున్నా బైట్ల ఫైలు మిగులుతుంది. ఇంకో సంగతి, ప్రోగ్రాం రాశానని చెప్పినా, ఆపరేటింగ్ సిస్టం దాన్ని వెంటనే డిస్కు మీద పెట్టదు. కాసేపు మెమరీలో ఉంచుకుంటుంది. 2009లో లైనక్స్ వాడేవారికి ఇది పెద్ద గొడవైంది. అప్పటికి ఎక్స్‌ట్3 అనే పాత ఫైల్ సిస్టం, అంటే డిస్కు మీద ఫైళ్లను అమర్చే పద్ధతి, సాధారణంగా 5 సెకన్లకు ఒకసారి డిస్కు మీద పెట్టేది. కొత్తగా వచ్చిన ఎక్స్‌ట్4 వేగం కోసం అర నిమిషం, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువసేపు ఆగేది. ఆ మధ్యలో కంప్యూటర్ ఆగిపోయినవారికి సెట్టింగుల ఫైళ్లు వరసగా సున్నా బైట్లుగా కనిపించాయి. దాన్ని రూపొందించినవారిలో ముఖ్యుడైన థియడోర్ త్సో, ప్రోగ్రాములే తమ ఫైలును డిస్కు మీదికి నెట్టించుకోవాలని వివరించాడు, అయినా తర్వాత లైనక్స్ మూలభాగమైన కెర్నెల్‌లో రక్షణ కూడా చేర్చారు. ఎవరిది తప్పు అన్న వాదన మనకెందుకు? ఫైలు ఖాళీ అయ్యే దారి ఇది అని మనకు తెలిస్తే చాలు.

విండోస్‌లో ఇదే జబ్బు ఇంకో రూపంలో వస్తుంది. ఫైలు సైజు చూస్తే మామూలుగానే ఉంటుంది, 6 కిలోబైట్లు ఉండాల్సింది 6 కిలోబైట్లే ఉంటుంది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఖాళీగా కనిపిస్తుంది. ఫైలులోని ప్రతి బైటునూ అంకెల్లో చూపే హెక్స్ వ్యూయర్‌లో చూస్తే వరుసగా సున్నాలు, సున్నాలు, సున్నాలు. ఎందుకంటే విండోస్ ఫైల్ సిస్టం అయిన ఎన్‌టీఎఫ్‌ఎస్ తన జర్నల్‌లో, అంటే మార్పుల చిట్టాలో, ఫైలు పేరు, సైజు లాంటి వివరాలను కాపాడుకుంటుంది కానీ లోపలి సరుకును కాపాడదు. బస్తా ఉంది, బస్తా మీద తూకం రాసి ఉంది, లోపల మిర్చి లేదు. ఇలాంటి ఫైలును దిద్దడానికి కూర్చోవద్దు. అందులో దిద్దడానికి ఏమీ మిగల్లేదు. వేరేచోట నుంచి తెచ్చుకోవాల్సిందే.

డిస్కు నిండటం మన పనిలో మరీ సహజం, ఎందుకంటే మన ప్రోగ్రాం పనే రాత్రింబవళ్లు రాయడం. నింపేది అదే, నిండినప్పుడు సెట్టింగులు రాసుకోవడానికి చోటు లేక నష్టపోయేదీ అదే.

ఇక మన చేతులు. ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఒక అంకె మారుద్దామనుకుంటాం. మంచిదే. కానీ కొందరు వర్డ్‌లోకి తీసుకెళ్తారు. వర్డ్ నిలువు కోట్‌లను వంకర కోట్‌లుగా మార్చేస్తుంది. కంటికి అందంగా ఉంటుంది, ప్రోగ్రాంకు అది వేరే అక్షరం. సెట్టింగులు రాసే పద్ధతుల్లో ఒకటైన జేసాన్ ఫైలులో చివరి వరుస తర్వాత ఒక కామా మిగిలితే ఫైలంతా చెల్లదు. ఇంకో పద్ధతి ఎక్స్‌ఎంఎల్‌లో గది పేరు మధ్యలో 'అండ్' గుర్తును (&) నేరుగా పెడితే అక్కడే ఆగిపోతుంది. భద్రపరిచేటప్పుడు పేరు చివర టీఎక్స్‌టీ చేరితే ప్రోగ్రాంకు ఆ ఫైలు కనిపించనే కనిపించదు, విండోస్ ఆ తోకను దాచిపెడుతుంది కనుక మనకూ కనిపించదు. ఒక అక్షరం తప్పు అయితే సంతోషించండి. ప్రోగ్రాం చాలాసార్లు ఏ వరుసలో ఆగిందో కూడా చెబుతుంది. ఆ వరుసనే కాదు, దాని పై వరుసను కూడా చూడండి. మూయని కోట్ సాధారణంగా పై వరుసలోనే ఉంటుంది.

తెలుగులో గదుల పేర్లు పెట్టుకున్నవారు ఎవరైనా ఉన్నారా? చేతులెత్తండి. బాగుంది, పెట్టుకోవాలి, పనిచేసేవారికి అర్థమయ్యే భాషలోనే ఉండాలి. అయితే ఒకటి గమనించండి. ఫైలును యూనికోడ్‌లో కాకుండా పాత ఆన్సీ పద్ధతిలో భద్రపరిస్తే తెలుగు అక్షరాల చోట ప్రశ్నార్థకాలు వస్తాయి. అవి వచ్చాయంటే పేర్లు పోయినట్టే, ఆ ప్రశ్నార్థకాల వెనక ఏమీ లేదు. అలా కాకుండా, నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న వింత లాటిన్ అక్షరాల గుంపు కనిపిస్తే భయపడకండి. అక్షరాలు భద్రంగానే ఉన్నాయి, చదివేవాడు తప్పు పద్ధతిలో చదువుతున్నాడు. యూనికోడ్ రూపమైన యూటీఎఫ్-8గా తెరిస్తే తెలుగు తిరిగి వస్తుంది. కానీ వింతగా ఉందని కంగారులో అదే రూపంలో సేవ్ నొక్కితే పని చిక్కుపడుతుంది. ఈ రెండింటికీ తేడా తెలియక బాగుచేయగల ఫైలును చెరిపేసినవారిని చూశాను.

ఇప్పుడు అసలు పనికి వద్దాం. ఫైలు పాడైందని తెలిసింది. మొదట ఏం చేస్తారు? మీరు చెప్పండి. ప్రోగ్రాం మూసేసి మళ్లీ తెరుస్తామంటున్నారు. ఇంకొకరు తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తామంటున్నారు. దయచేసి ఆగండి. ఈ రెండూ తొందరపాటే.

ప్రోగ్రాం ఇంకా నడుస్తోందా, నడుస్తూ సరైన అంకెలు చూపిస్తోందా, ముందు అది చూడండి. నడుస్తోందంటే అర్థం ఏమిటి? డిస్కు మీద ఉన్న ఫైలు చెడింది కానీ, ఉదయం అది చదువుకున్న మంచి సెట్టింగులు ఇంకా మెమరీలో ఉన్నాయని అర్థం. లోకంలో మిగిలిన ఒకే ఒక మంచి ప్రతి అదే కావచ్చు! మూసేశారంటే అదీ పోతుంది. కాబట్టి మూయకండి. ప్రతి సెట్టింగుల పేజీ తెరిచి ఫొటో తీయండి, ఫోనుతో తీసినా చాలు. ఎగుమతి చేసే వీలుంటే వేరే పేరుతో వేరే డ్రైవ్‌లోకి చేయండి. ఆ తర్వాతే మూయండి. మూసేటప్పుడు కూడా, కొన్ని ప్రోగ్రాములకు రెండు భాగాలు ఉంటాయి, కనిపించే తెర ఒకటి, వెనక నడిచే సర్వీసు ఒకటి. తెర మూసినంత మాత్రాన రెండోది ఆగదు. అది నడుస్తుండగా మీరు ఫైలు దిద్దితే, ఆగేటప్పుడు అది తన దగ్గరున్నది మీ దిద్దుబాటు మీద రాసేస్తుంది. గంట కష్టం పోతుంది.

అదే, ఫొటోలో గదుల పేర్లకు బదులు ఛానల్ 1 అని కనిపిస్తే, మెమరీలో ఉన్నవి కూడా పోయాయన్నమాట. అప్పుడు సేవ్ జోలికి వెళ్లకండి.

రెండో పని, పాడైన ఫైలును పాడైనట్టే పక్కన పెట్టండి. పేరు మార్చి తేదీ చేర్చండి. చెరపవద్దు. చెరువుకు గండి పడితే అనుభవం ఉన్న నీరటి ఏం చేస్తాడు? మట్టి పోయడానికి ముందు గండి ఎక్కడ మొదలైందో చూస్తాడు. కట్ట మీద నుంచి పొర్లిందా, తూము పక్క నుంచి ఊరిందా? అది తెలియకుండా పూడిస్తే మళ్లీ అక్కడే తెగుతుంది. ఆ ఫైలు సైజు, దాని చివరి తేదీ, సమయం రాసుకోండి. ఆ సమయమే తర్వాత మనకు ప్రాణం. ఎందుకో చివర్లో చెబుతాను.

అన్నట్టు, ఫైలు నిజంగా పాడైందా అన్నది కూడా చూసుకోండి. మైక్రోసాఫ్ట్ వారి డాట్‌నెట్‌తో రాసిన చాలా ప్రోగ్రాములు సెట్టింగులను ఒక్కో యూజర్‌కు, ఒక్కో వెర్షన్‌కు వేరువేరు ఫోల్డర్లలో, కనిపించని యాప్‌డేటా లోపల పెడతాయి. ప్రోగ్రాం కొత్త వెర్షన్ వేయగానే సెట్టింగులు పోయినట్టు అనిపిస్తుంది. పోలేదు, పక్క ఫోల్డర్‌లో ఉన్నాయి. పాత ప్రోగ్రాములైతే ప్రోగ్రామ్ ఫైల్స్‌లో ఉన్న ఫైలును మీరు ఎన్నిసార్లు దిద్దినా మార్పు కనిపించదు, ఎందుకంటే విస్టా కాలం నుంచి విండోస్ వాటి రాతలను వర్చువల్‌స్టోర్ అనే వేరే చోటికి మళ్లిస్తోంది. ప్రోగ్రాం చదివేది ఆ ప్రతిని, మనం దిద్దేది ఈ ప్రతిని.

నిజంగానే పాడైతే, మంచి ప్రతి ఎక్కడ దొరుకుతుంది? బ్యాకప్ ఉంటే అదృష్టం. లేదనుకోండి. చాలామంది ఇక్కడే చేతులెత్తేస్తారు. కానీ వెతికితే ముక్కలు ముక్కలుగా దొరుకుతుంది. కొన్ని లాగర్ పరికరాలు తమ అమరికను తమ లోపలే దాచుకుంటాయి, కేబుల్ కలిపి తిరిగి చదివించవచ్చు. విండోస్‌లో ఆ ఫోల్డర్ మీద పాత ప్రతులు అనే వెసులుబాటు ముందుగానే ఆన్ చేసి ఉంటే అక్కడ చూడండి. అన్నిటికన్నా, మీ పాత కొలతల ఫైళ్లనే తెరవండి. చాలా ప్రోగ్రాములు ప్రతి ఫైలు నెత్తిన ఛానళ్ల పేర్లు, వాటి వరుస, ప్రమాణాలు రాస్తాయి. రెండు వరుసల సమయాల మధ్య తేడా చూస్తే ఎన్ని నిమిషాలకు ఒకసారి రాస్తోందో తెలుస్తుంది. సెన్సర్‌కు ఎంత దిద్దుబాటు కలపాలో దాని క్యాలిబ్రేషన్ సర్టిఫికెట్‌లో, అంటే కొలత సరిచూసి ఇచ్చిన పత్రంలో ఉంటుంది, బీరువాలో వెతకండి. ఆ మే నెలలో నేను గదుల వరుసను తిరిగి రాబట్టింది కరెంటు పోయిన రోజు ఉదయం వరకూ రాసిన ఫైలు మొదటి వరుస నుంచే. అది ఆ రాత్రి కూడా ఆ కంప్యూటర్‌లోనే ఉంది. చూడాలని ఎవరికీ తట్టలేదు.

ఫైలు సిద్ధమైంది, ప్రోగ్రాం తెరుచుకుంది, అంకెలు కదులుతున్నాయి. పని అయిపోయిందా? లేదు! రైతు ఇప్పుడు కాంటా సున్నా చూస్తాడు. మనం కూడా చూడాలి.

ఒక్కొక్క గదికీ నడవండి. సెన్సర్‌ను పిడికిట్లో పట్టుకుని ఒక నిమిషం ఉండండి. తెర దగ్గర ఒకరిని నిలబెట్టి ఫోనులో అడగండి, ఏ ఛానల్ పెరుగుతోంది అని. మూడో గదిలో పట్టుకుంటే మూడోదే పెరగాలి. అంతే పని. ఆరు గదులకు పావుగంట పడుతుందేమో. ఆ రాత్రి ఈ పావుగంట పెట్టి ఉంటే ఆ బస్తాలు తడిసేవి కావు.

తర్వాత అంకె నిజమా కాదా చూడండి. పగలగొట్టిన మంచు, మంచినీళ్లు కలిపి అందులో సెన్సర్ ఉంచి కాసేపు కలియబెడితే 0 దగ్గర నిలవాలి. కొలతను 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల కరెంటుగా పంపే సెన్సర్ అయితే, దాని బదులు ఆ కరెంటు ఇచ్చే సిమ్యులేటర్‌తో 4, 12, 20 ఇచ్చి చూడండి. పరిధి మైనస్ 10 నుంచి 40 డిగ్రీలు అయితే 12 దగ్గర 15 చూపాలి. 50 చూపిస్తే పరిధి 0 నుంచి 100కి మారిపోయిందని అర్థం. ఇంత పెద్ద తప్పు ఎవరికైనా కనిపిస్తుంది. నాకు భయం చిన్న తప్పుతోనే.

టీకాల ఫ్రిజ్ సంగతి తీసుకోండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. అక్కడి సెన్సర్ 1.3 డిగ్రీలు తక్కువ చూపిస్తుందని క్యాలిబ్రేషన్‌లో తేలింది, అందుకని ఫైలులో 1.3 కలపమని రాశారు. ఫైలు పోయి కొత్తది పుట్టింది, 1.3 కాస్తా 0 అయింది. తెర మీద 7.2 ఉంది. అందరికీ తృప్తి. లోపల నిజంగా ఎంత ఉంది? చెప్పండి. అవును, 8.5. అలారం మోగదు, ఎందుకంటే అలారం కూడా తెర మీది అంకెనే నమ్ముతుంది. ఆ టీకా రేపు ఒక పసిబిడ్డ చేతికి వేస్తారు. నర్సమ్మకు తెలియదు, తల్లికి తెలియదు. తెలుసుకోగలిగింది ఆ ఫైలు దిద్దినవారు ఒక్కరే, అంటే మనమే.

ఇందాక ఆ సమయం రాసుకోమన్నాను కదా. ఎందుకంటే, ఫైలు పాడైన సమయానికీ మీరు దిద్దిన సమయానికీ మధ్య రాసిన కొలతలన్నీ అనుమానితాలే. వాటిని చెరపవద్దు, వాటి మీద దిద్దవద్దు. మూలం మూలంగానే ఉండాలి. దిద్దుబాటు లోపిస్తే పక్కన ఇంకో నిలువు వరుసలో 1.3 కలిపి రాయండి. పేర్లు తారుమారైతే ఏ రోజు ఏ గంట నుంచి ఏ గంట వరకు తారుమారయ్యాయో రాయండి. ఒక్క నష్టం మాత్రం తీరదు. 10 నిమిషాలకు ఒకసారి రాయాల్సింది గంటకు ఒకసారికి మారితే, రోజుకు 144 కొలతలకు బదులు 24 మిగులుతాయి. మిగతా 120 ఎక్కడా లేవు. లేనిదాన్ని లేదనే రాయాలి. మధ్య అంకెలు ఊహించి నింపమని పైనుంచి ఎవరు చెప్పినా నింపవద్దు. రిజిస్టర్‌లో మీ సంతకంతో రాసి పెట్టండి.

జాగ్రత్తల గురించి ఒక్క మాట. యూపీఎస్ బ్యాటరీని మూడు నెలలకు ఒకసారి ప్లగ్ తీసి పరీక్షించండి. సెట్టింగులు మార్చిన ప్రతిసారీ తేదీ పేరుతో ఒక ప్రతి పెన్‌డ్రైవ్‌లో, ఒక ప్రింటు ప్యానెల్ తలుపు లోపలి వైపు. కాగితం పాతకాలపు పద్ధతి అనుకోకండి, కరెంటు లేనప్పుడు చదవగలిగేది అదే. మీలో ప్రోగ్రాములు రాసే విద్యార్థులు ఉన్నారు. మీకు నా విన్నపం ఇది. పాత ఫైలు మీద నేరుగా రాయకండి. కొత్త ఫైలుగా రాసి, డిస్కు మీదికి పూర్తిగా చేరిందని తేలాక పేరు మార్చి పాతదాని స్థానంలో పెట్టండి. మధ్యలో ఏమైనా పాతదైనా మిగులుతుంది. ఇంకొకటి, సెట్టింగుల ఫైలు చదవలేకపోతే మౌనంగా కొత్తది పుట్టించవద్దు. ఆగి, తెర నిండా, చదివేవాడికి అర్థమయ్యే భాషలో చెప్పండి. ఆ ఒక్క మౌనం వల్ల ఎన్ని గిడ్డంగులు నష్టపోయాయో.

ఇక నా మాటలు చాలు. ఆ చివర బల్ల మీద మూడు కంప్యూటర్లు ఉంచాను. మూడింటిలోనూ సెట్టింగుల ఫైళ్లు చెడగొట్టాను. ఒకటి సున్నాలతో నిండి ఉంది, ఒకదానిలో ఒక కోట్ తగ్గింది. మూడోది తెరిస్తే ఏ అడ్డూ లేకుండా తెరుచుకుంటుంది, అంకెలు కూడా బాగానే కనిపిస్తాయి. పక్కన మంచు డబ్బా ఉంది, పాత కొలతల ఫైలు ఉంది. ఇద్దరిద్దరుగా రండి, మూడోదానితో మొదలుపెడదాం.